అమ్మ అంగిట్లో మచ్చ, చేతిలో డీఎన్‌ఏ రిపోర్టు

ఈ వారం ఉత్తరం విశాఖపట్నం నుంచి వచ్చింది. రాసినామె వయసు 34. పేరు వద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

"మాది శ్రీకాకుళం జిల్లా తీరంలో చిన్న ఊరు. నాన్న పోయి పదకొండేళ్లయింది. అమ్మకు 58. ఎండుచేపల బేరం చేస్తుంది. పెళ్లయిన కొత్తలో అలవాటైన అడ్డపొగ ఇంకా మానలేదు. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తుంది. మా ఊళ్లో ఆ వయసు ఆడవాళ్లలో అది వింత కాదు. చిన్నప్పుడు పొయ్యిలో చుట్ట అంటించి తెచ్చి ఇచ్చింది నేనే.

పన్ను నొప్పి అంటే విశాఖ తీసుకొచ్చి చూపించాను. దంతవైద్యురాలు పన్ను సంగతి వదిలేసి అంగిలి చూశారు. అంతా తెల్లగా మందంగా ఉందని, ఒకచోట ఎర్రగా ఉందని చెప్పి ఒక దంత వైద్య కళాశాలకు పంపారు. అక్కడ చిన్న బ్రష్‌తో గీకి కణాలు తీశారు. వారం తర్వాత చిన్న ముక్క కూడా తీశారు. ముక్క పరీక్షలో 'మైల్డ్ డిస్‌ప్లాసియా' (కణాల అమరిక కొద్దిగా చెదరడం) అని వచ్చింది. బ్రష్‌తో తీసిన కణాల్లో డీఎన్‌ఏ కొలిచి 'అన్యూప్లాయిడ్ కణాలు (డీఎన్‌ఏ లెక్క తప్పినవి) ఉన్నాయి' అని రాశారు. ఒక డాక్టరుగారు తీసేద్దామన్నారు. ఇంకొకరు మైల్డే కదా, మూణ్ణెల్లకోసారి చూద్దామన్నారు.

మా అన్న గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పని చేస్తాడు. 'కత్తి పెడితే పాకిపోద్ది, ముట్టుకోనివ్వకు' అంటాడు. మాఘంలో వాళ్ల పెద్దమ్మాయి పెళ్లి. మా వదిన అయితే, డీఎన్‌ఏలో ఉందంటే వంశంలో ఉన్నట్టే కదా, పెళ్లివాళ్లకు తెలిస్తే సంబంధం పోతుందని ఏడుస్తోంది. మా ఆయన హైదరాబాద్‌లో ఏదో ల్యాబ్ ఉందట, రక్తంతోనే అన్ని క్యాన్సర్లూ చెప్పేస్తారట, అది చేయిద్దామంటున్నారు. అమ్మకు మాత్రం పుచ్చు పన్ను పరీక్షలని అబద్ధం చెప్పాను. ఇంట్లో చుట్టలన్నీ తీసి పారేశాను. అప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. పడవల చాటుకు వెళ్లి కాలుస్తోందని పక్కింటావిడ చెప్పింది.

ఇంటర్నెట్‌లో చూస్తే అన్యూప్లాయిడ్ వచ్చినవాళ్లలో 84 శాతం మందికి క్యాన్సర్ అవుతుందని ఉంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆపరేషన్ చేయించాలా, ఆగాలా? అమ్మకు చెప్పాలా? ఇది నాకూ, తొమ్మిదేళ్ల నా కూతురికీ వస్తుందా?"

ముందు మీకు నిద్ర పట్టనివ్వని ఆ అంకె సంగతి చూద్దాం. ఎందుకంటే అది నమ్మదగిన అంకె కాదు.

2001లో ఒక పేరున్న అమెరికా వైద్య పత్రికలో నార్వే పరిశోధకుడు యోన్ సుడ్బో బృందం ఒక వ్యాసం ప్రచురించింది. నోట్లో తెల్లమచ్చలున్న 150 మందిలో 25 మంది మచ్చలు అన్యూప్లాయిడ్ అని, ఆ 25 మందిలో 21 మందికి క్యాన్సర్ వచ్చిందని అందులో రాశారు. మీరు చదివిన 84 శాతం అక్కడిదే. అప్పట్లో ఆ వ్యాసం చూసి నాలాంటివాళ్లం ఎంత సంబరపడ్డామో చెప్పలేను. ముప్పై ఏళ్లు నోటి కణాల స్లైడ్లు చదివినదాన్ని. ఏ మచ్చ క్యాన్సర్‌గా తిరగబడుతుందో ఇక ముందే చెప్పేయొచ్చు అనుకున్నాం. 2006లో ఆయన బండారం బయటపడింది. మరో వ్యాసంలో ఆయన చూపించిన 908 మంది రోగులు కల్పితమని తేలింది. వాళ్లలో 250 మందికి ఒకటే పుట్టినరోజు వేసి ఉంది. 2001 నాటి వ్యాసాన్ని కూడా పత్రిక వెనక్కి తీసుకుంది. వ్యాసం పోయినా అంకె పోలేదు. ఇంకా ఇంటర్నెట్‌లో తిరుగుతూ మీలాంటివాళ్ల గుండెల్లో రాయి వేస్తూనే ఉంది.

అలాగని పరీక్ష ఉత్తిదని కాదు. తర్వాత వేరేవాళ్లు నిజాయతీగా చేసి చూశారు. 2013లో లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు 273 మందిని 5 నుంచి 15 ఏళ్లపాటు గమనించి చెప్పినదాని ప్రకారం, అన్యూప్లాయిడ్ వచ్చినవాళ్లలో క్యాన్సర్‌గా మారింది నూటికి సుమారు 38 మందికి. తక్కువేమీ కాదు, నిర్లక్ష్యం చేయకూడదు. కానీ నూటికి 84 అనుకుని పడుకోవడానికీ, అరవై మందికి ఏమీ కాలేదని తెలిసి పడుకోవడానికీ తేడా ఉంది. ఇంకో మాట. వాళ్లు కొలిచింది ముక్కల్లో, మీ అమ్మగారికి కొలిచింది బ్రష్‌తో తీసిన కణాల్లో. వాళ్ల రోగులు అడ్డపొగ తాగే తీరప్రాంత స్త్రీలు కారు. కాబట్టి 38ని కూడా మీ అమ్మగారి నుదుట రాసినట్టు చూడకండి.

ఇప్పుడు అసలు కొలిచిందేమిటో చెబుతాను. అది తెలిస్తే మీ వదినగారి భయం సగం పోతుంది.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణం కేంద్రకంలోనూ 46 క్రోమోజోములు ఉంటాయి. వాటిలోని డీఎన్‌ఏ బరువు దాదాపు అన్ని కణాల్లోనూ ఒకటే. గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఆరేడు భాగాలంత. కణం రెండుగా చీలబోయే ముందు మాత్రం అది రెట్టింపవుతుంది, చీలాక మళ్లీ మామూలైపోతుంది. కణం దారి తప్పినప్పుడు ఈ లెక్క చెడుతుంది. చీలేటప్పుడు పంపకం సమంగా జరగదు. ఒక కణానికి క్రోమోజోములు ఎక్కువ పోతాయి, ఇంకోదానికి తక్కువ. అలా లెక్క తప్పడాన్నే అన్యూప్లాయిడీ అంటారు.

దీన్ని కొలవడానికి 1924లో జర్మనీలో రాబర్ట్ ఫాయిల్గెన్ కనిపెట్టిన ఒక రంగు వాడతారు. ఆ రంగు డీఎన్‌ఏ ఎంత ఉంటే అంతే పడుతుంది. ఎక్కువుంటే ముదురుగా, తక్కువుంటే లేతగా. బ్రష్‌తో తీసిన కణాలను గాజుపలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపుకు బిగించిన కెమెరాతో వందల కేంద్రకాలను ఒక్కొక్కటిగా కంప్యూటర్ చూస్తుంది. ఏది ఎంత వెలుతురును ఆపిందో లెక్కగట్టి, అదే పలక మీదున్న మంచి కణాలతో పోలుస్తుంది. మీ రిపోర్టు రెండో పేజీలో గుట్టల్లాంటి బొమ్మ ఉంటుంది చూడండి. మొదటి పెద్ద గుట్ట మామూలు కణాలు. దానికి రెట్టింపు దగ్గర చిన్న గుట్ట ఉంటే అవి చీలడానికి సిద్ధమవుతున్నవి. ఆ రెండిటి మధ్యా, లేదా ఇంకా కుడివైపు దూరంగా ఉన్నవే మనల్ని కంగారు పెట్టేవి.

అంటే వాళ్లు కొలిచింది డీఎన్‌ఏ ఎంత ఉందని. అందులో ఏం రాసుందని కాదు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఏం వస్తుందో చూసే పరీక్ష పూర్తిగా వేరు. దానికి రక్తమో ఉమ్మో తీసి జన్యువుల్లో అక్షరాలు చదువుతారు. మీ అమ్మగారి అంగిట్లో జరిగిన మార్పు నలభై ఏళ్ల పొగ వల్ల అక్కడే, ఆ చర్మంలోనే పుట్టింది. మీరు కడుపులో ఉన్నప్పుడు అది ఆమెలో లేదు. ఆ మార్పు మీకు రాదు, మీ అమ్మాయికి రాదు, మాఘంలో పీటల మీద కూర్చోబోయే ఆ పిల్లకూ రాదు. ఈ మాట మీ వదినగారికి ఫోన్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని, రిపోర్టు చూపించి చెప్పండి. పెళ్లివాళ్లకు చెప్పాలా వద్దా అనేది మీ కుటుంబం ఇష్టం. చెప్పకపోయినా మోసం చేసినట్టు కాదు, ఎందుకంటే పెళ్లికూతురికి సంబంధించింది అందులో ఏమీ లేదు. మీ ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి వచ్చేది ఏదైనా ఉంటే అది చుట్ట అలవాటు. అది మీకు రాలేదు.

ఇక రెండు రిపోర్టులు రెండు రకాలుగా ఎందుకున్నాయి? ముక్కలో మైల్డ్ అంటే కణాల అమరిక కొద్దిగానే చెదిరిందని. అంత కొద్దిగా చెదిరినచోట డీఎన్‌ఏ లెక్క తప్పడం అసాధ్యం కాదు కానీ, ఆలోచించాల్సిన విషయం. దీనికి నాకు మూడు కారణాలు తోస్తున్నాయి.

ఒకటి, ముక్క సరైనచోట తీయకపోవడం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం 'ఒకచోట ఎర్రగా ఉంది' అన్నది. అడ్డపొగ తాగేవారి అంగిట్లో తెలుపు కంటే ఎరుపుకీ, పుండుకీ ఎక్కువ భయపడాలి. ముక్క ఎర్రటి చోటు నుంచి తీశారా, పక్కనున్న తెల్లటి చోటు నుంచి తీశారా? బియ్యం గింజంత ముక్క అది. అరచెయ్యంత అంగిలి గురించి అంతా చెప్పలేదు. బ్రష్ మాత్రం మచ్చ అంతా తిరిగింది. రెండోది దీనికి తలకిందులు: బ్రష్ రిపోర్టే పొరపాటు కావచ్చు. కణాలు ఒకదాని మీద ఒకటి పడినా, నోట్లో వాపో ఫంగసో ఉన్నా, కణాలు మరీ తక్కువొచ్చినా కొలత తప్పుతుంది. పైగా అంగిలి చర్మం గట్టిది, పొగకు ఇంకా కాయకట్టి ఉంటుంది. బ్రష్‌కు చాలాసార్లు పైపొరలోని చచ్చిన కణాలే దొరుకుతాయి, అడుగున ఉన్న అసలు కణాలు దొరకవు. ఎన్ని కణాలు లెక్కించారో రిపోర్టులో రాసి ఉంటుంది, అడగండి. మూడోది, రెండు రిపోర్టులూ నిజమే కావచ్చు. కణాల రూపం ఇంకా పెద్దగా మారకముందే డీఎన్‌ఏ లెక్క చెదరడం మొదలై ఉండవచ్చు. ఈ పరీక్ష కనిపెట్టినవాళ్ల ఆశే అది, రూపం మారకముందే పట్టుకోవాలని.

అందుకే 'తీసేద్దాం', 'చూద్దాం' అన్న ఇద్దరు డాక్టర్లలో ఎవరూ తప్పు చెప్పలేదు. ఒకరు ఒక కాగితం చూసి మాట్లాడారు, ఇంకొకరు ఇంకో కాగితం చూసి. రెండు కాగితాలూ ఒకే మనిషి ముందు పెట్టడం ఇంకా జరగలేదు. విశాఖలోనే అగనంపూడి దగ్గర హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, టాటా మెమోరియల్ వాళ్లది. ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ ఉంది. ఎక్కడికి వెళ్లినా రిపోర్టు కాగితాలతోపాటు మొదటి ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు, స్లైడ్లు ఆ కళాశాల నుంచి అడిగి తీసుకెళ్లండి. సాధారణంగా ఇస్తారు. రెండో పాథాలజిస్టు (ముక్కను పరీక్షించే డాక్టరు) అదే స్లైడు చూసి మైల్డ్‌ను మోడరేట్ అనడం, మోడరేట్‌ను మైల్డ్ అనడం నేను ఎన్నోసార్లు చూశాను. నేనే అలా మార్చిన సందర్భాలు ఉన్నాయి. ఆ బ్లాకులో మిగిలిన కణజాలంలో కూడా డీఎన్‌ఏ కొలవవచ్చు.

నన్ను అడిగితే మొదటి మెట్టు ఇంకో ముక్క. ఈసారి ఎర్రటి చోటు నుంచి ఒకటి, బాగా మందంగా ఉన్నచోటు నుంచి ఒకటి. మత్తు సూది వేసి తీస్తారు, రెండు మూడు రోజులు కారం తినలేరు, వారం పది రోజుల్లో మానుతుంది. దీనివల్ల నష్టం మరో గాయం, మరో ప్రయాణం, మరో వారం ఎదురుచూపు. లాభం, తర్వాత తీసుకునే నిర్ణయం గుడ్డిగా ఉండదు. అందులో మోడరేట్ అనో సివియర్ అనో వస్తే తీసేయాలనే వైపు బలంగా మొగ్గుతుంది. మళ్లీ మైల్డే వస్తే నిజమైన తర్జనభర్జన అప్పుడు మొదలవుతుంది.

తీయించుకుంటే ఏమవుతుందో తెలుసుకోండి. అంగిలి చర్మం ఎముకకు అంటుకుని ఉంటుంది. కత్తితోనో లేజర్‌తోనో పైపొరను ఒలిచినట్టు తీస్తారు. కుట్లు వేయడానికి వీలుండదు కాబట్టి పచ్చిగా వదిలి, పైన ప్లాస్టిక్ పలకలాంటిది అమరుస్తారు. కొన్ని వారాలు మెత్తటి అన్నం, చల్లారిన గంజి. తీసినదంతా పరీక్షకు వెళుతుంది కాబట్టి లోపల ఏదైనా దాగి ఉంటే అప్పుడు బయటపడుతుంది. ఇదే దీనిలో పెద్ద లాభం. కానీ అడ్డపొగ ఒక్క మచ్చను కాదు, అంగిలంతటినీ పాడు చేస్తుంది. అంతా తీయలేరు. తీసినచోట మళ్లీ రావచ్చు, పక్కన రావచ్చు. తీసేస్తే క్యాన్సర్ ఇక రాదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. తీసినా చూపించుకుంటూ ఉండాల్సిందే.

తీయకుండా గమనిస్తే? ఇది కూడా వైద్యమే, ఊరికే ఉండటం కాదు. కానీ దీనికి ఒక మనిషి కావాలి. ఇప్పుడు చెప్పబోయేది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఒక పెద్దావిడ, మీ అమ్మగారి వయసే, నా దగ్గరకు మైల్డ్ రిపోర్టుతో వచ్చింది. మూణ్ణెల్లకోసారి రమ్మన్నాం. మొదటిసారి వచ్చింది. తర్వాత చేపల సీజను, కోడలి కాన్పు, తుపాను. రెండేళ్ల తర్వాత పై పళ్లు కదులుతున్నాయని వచ్చింది. అప్పటికి పుండు ఎముకలోకి దిగింది. పై దవడ కొంత తీయాల్సి వచ్చింది. నోటికీ ముక్కుకూ మధ్య పలక పెట్టుకుంటే తప్ప తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి. ఆమె బతికింది. మనవరాలి పెళ్లిలో భోజనానికి మాత్రం అందరితో కలిసి కూర్చోలేదు. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. గమనిద్దాం అనుకుంటే ఆ బాధ్యత ఎవరిదో ముందే తేలాలి. విశాఖలో ఉన్నది మీరు. మీ వల్ల అవుతుందా, నిజం చెప్పుకోండి. కాదనుకుంటే అందులో తప్పేమీ లేదు. అప్పుడు తీయించే దారి మెరుగు.

ఏ దారిలో ఉన్నా, రెండు మూడు వారాలకు మానని పుండు, గడ్డలా చేతికి తగలడం, ఊరికే రక్తం రావడం, పన్ను కదలడం, మెడలో బిళ్ల కట్టడం, ఇలాంటివి కనిపిస్తే తర్వాతి తేదీ కోసం ఆగకూడదు.

మీ అన్నగారి మాటకు వస్తాను. 'కత్తి పెడితే పాకుతుంది' అనే మాట ఆయన ఊరికే పుట్టించలేదు. మన పల్లెల్లో చాలామంది ముదిరాకే ఆసుపత్రికి వెళ్లారు, కోశాక ఆరు నెలల్లో పోయారు. చూసినవాళ్లకు కత్తే చంపినట్టు కనిపించింది. చంపింది ఆలస్యం. మచ్చలోంచి చిన్న ముక్క తీయడం వల్ల అది క్యాన్సర్‌గా మారదు. ఆయనతో వాదించకండి. సముద్రం మీద పనిచేసే మనిషి, అమ్మకు ఏమైనా అయితే వేరావల్ నుంచి రావడానికి రెండు రోజులు పడుతుందన్న భయం కూడా ఆ మాటలో ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు వీడియో కాల్ పెట్టి, ఆయన ప్రశ్న ఆయన్నే అడగనివ్వండి.

మాఘం మాట కూడా ఆయనకు లెక్కగట్టి చెప్పండి. ఇప్పుడు రెండో ముక్క తీసి, ఫలితం చూసి, అవసరమైతే పైపొర తీయించినా, పెళ్లినాటికి అమ్మ అందరితోపాటు పప్పన్నం తినగలదు. అన్నీ పెళ్లి తర్వాత అని దాటేస్తే ఏం పోతుందంటే, మళ్లీ మైల్డ్ వచ్చే పక్షంలో బహుశా ఏమీ పోదు. ఎర్రటి చోట ఇంకేదైనా ఉంటే చాలా పోతుంది. ఏ పక్షమో ఇప్పుడు మనకు తెలియదు, అందుకే ముక్క మాత్రం ఆపకండి అంటున్నాను. ఆపరేషన్ తేదీ గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. ఖర్చు విషయంలో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి, ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏది వస్తుందో, ఏది రాదో ముందే అడగండి.

ఇంత రాశాను గానీ, ఇందులో ఇప్పటిదాకా మాట్లాడనిది ఒక్కరే. మీ అమ్మగారు. అంగిలి ఆవిడది. మీరు, మీ అన్న, వదిన, మీ ఆయన, ఇద్దరు డాక్టర్లు, ఇప్పుడు నేను. ఇంతమంది ఆ అంగిలి గురించి మాట్లాడుతుంటే ఆవిడ పుచ్చు పన్ను అనుకుంటోంది. అనుకుంటోందని మీరు అనుకుంటున్నారు. పన్ను నొప్పికి అంగిట్లో ముక్క తీయరని ఆవిడకు తెలియదా? భర్త పోయాక పదకొండేళ్లు బేరం చేసి ఇల్లు నడిపిన మనిషి. ఎండుచేపను చేత్తో పట్టుకుని ఏ రోజు ఎండబెట్టిందో చెప్పగల మనిషి. ఆవిడ మీతో సరిగా మాట్లాడకపోవడానికి కారణం చుట్టలొక్కటే కాకపోవచ్చు.

చెప్పకుండా లాగితే ఇప్పటికి ప్రశాంతంగా ఉంటుంది. కానీ మూణ్ణెల్లకోసారి ఏ కారణం చెప్పి తీసుకొస్తారు? పైపొర తీయించాలంటే ఏం చెప్పి సంతకం పెట్టిస్తారు? రేపు వేరే ఎవరి నోటి నుంచో వింటే మీ మాట మళ్లీ నమ్ముతుందా? చెబితే ఏడవవచ్చు, తిట్టవచ్చు, 'నాకేం వద్దు, ఇన్నాళ్లు బతికాను చాల్లే' అనవచ్చు. ఆ మాట అంటే కంగారుపడి వాదించకండి, రెండు రోజులు వదిలేయండి. చాలామంది మొదట అలాగే అంటారు. చివరికి ఆవిడ అన్నీ తెలుసుకుని వద్దంటే, ఆ వద్దుకు విలువ ఉంది. తెలియకుండా మనం చేయించే పనికి ఆ విలువ లేదు.

ఎలా చెప్పాలి అంటే, ఉన్నది ఉన్నట్టు. 'అమ్మా, నీకు అబద్ధం చెప్పాను, భయపడి చెప్పాను. నీ అంగిట్లో మచ్చ ఉంది. క్యాన్సర్ అని ఎవరూ అనలేదు. అటు తిరిగే వీలున్న మచ్చ అన్నారు. ఇంకో ముక్క తీస్తే తెలుస్తుంది. నువ్వేమంటావు?' అని అడిగి ఆగండి. ఆవిడ తన అంగిలి ఎప్పుడూ చూసుకుని ఉండదు. ఫోన్‌తో ఫొటో తీసి చూపించండి. పక్కన మీ అంగిలి ఫొటో కూడా పెట్టండి. తేడా ఆవిడకే కనిపిస్తుంది.

చుట్టల సంగతి. 1960ల చివర, 70లలో ముంబయి నుంచి ఫాలీ మెహతా, డెన్మార్క్ నుంచి యెన్స్ పిండ్‌బోర్గ్ లాంటివాళ్లు మన పల్లెలకు వచ్చి, ఇంటింటికీ తిరిగి పది వేల మందికి పైగా నోళ్లు చూశారు. అడ్డపొగ తాగేవారి అంగిళ్ల గురించి ప్రపంచానికి తెలిసింది ఎక్కువగా మన ఆంధ్ర ఆడవాళ్ల వల్లే. తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్లకు ఏళ్ల తరబడి నచ్చజెప్పి మాన్పించే ప్రయత్నం చేశారు. మానినవాళ్లలో కొత్త మచ్చలు రావడం బాగా తగ్గింది. అంటే మీ అమ్మగారి జిల్లాలోనే, ఆమె లాంటి ఆడవాళ్లే మానారు, ఫలితం చూశారు. గుర్తుంచుకోండి, వాళ్లు నచ్చజెప్పారు, లాక్కోలేదు. అమ్మ కాలుస్తున్నది గాలిలో ఆరిపోకుండా, చేతులు ఖాళీగా ఉంచుకుని చేపలు తిరగేసుకోవడానికి అలవాటు చేసుకున్న చుట్ట. ఆ ఒంటరి గంటల్లో అదే తోడు. పారేయడం కాదు, రోజుకు ఎన్ని, ఏ వేళల్లో అని అడిగి ఒక్కో వేళ తగ్గించడం మేలు. నిప్పు కొస బయటికి తిప్పి తాగితే చాలనో, చుట్ట బదులు ఖైనీ వేసుకుంటే చాలనో ఎవరైనా చెబితే ఒప్పుకోకండి, రెండూ నోటికి చేటే. నికోటిన్ బిళ్లల గురించి డాక్టరును అడగండి. మానడానికి సాయం చేసే జాతీయ ఉచిత ఫోన్ నంబరు 1800 11 2356. ఫోన్ మీరు కలిపి ఆవిడకు ఇవ్వండి.

చిన్నప్పుడు చుట్ట అంటించి ఇచ్చానని రాశారు. అమ్మ చెప్పిన పని చేసిన చిన్న పిల్ల మీరు. ఆ లెక్కన తీరంలో సగం మంది పిల్లలు దోషులే. ఆ భారం దించేయండి, దాన్ని మోస్తూ చుట్టలు విసిరేస్తే కోపం అమ్మ మీదకే పోతుంది.

రక్తంతో అన్ని క్యాన్సర్లూ చెప్పే పరీక్ష గురించి మీ వారికి ఒక్క మాట. రక్తంలో తేలే డీఎన్‌ఏ తునకలను వెతికే ఆ పరీక్షలు తొలి దశ క్యాన్సర్‌నే చాలాసార్లు పట్టలేవు, మీ అమ్మగారిలాంటి ఇంకా క్యాన్సర్ కాని మచ్చ సంగతి చెప్పేదేముంది? 'ఏమీ లేదు' అని వస్తే మీరంతా నమ్మి ఊరుకుంటారు, అదే నా భయం. కేరళలో తిరువనంతపురం దగ్గర 1996 నుంచి ఏళ్లపాటు సాగిన పెద్ద అధ్యయనంలో శిక్షణ పొందిన కార్యకర్తలు టార్చిలైటుతో నోళ్లు చూశారు, అంతే. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆ డబ్బు అమ్మను విశాఖకు తెచ్చి తీసుకెళ్లే బస్సు చార్జీలకు దాచండి.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మొదటి ముక్క ఎక్కడ తీశారో అంగిలి బొమ్మ గీసి గుర్తు పెట్టమని అడగండి. రెండోసారి తీసేచోటూ అదే బొమ్మ మీద గుర్తు పెట్టించండి. ఫొటోలకు తేదీ వేసి ఫోన్‌లో ఒకచోట దాచండి. ఆ బొమ్మా, కొత్త రిపోర్టూ వచ్చాక నాకు మళ్లీ రాయండి. అమ్మ ఏమన్నారో కూడా రాయండి.